గలద్రియెల్ పేరులో చెట్టు లేదు: ఎల్ఫు మాట పుట్టుక పట్టుకోవడం ఎలా

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం వైపు పెరిగిన తెలుగువాళ్లకు ఒక విద్య ఎవరూ నేర్పకుండానే అబ్బుతుంది. పక్కింటివాళ్లు 'సిబొ' అంటే శివుడని, 'జొగొన్నాథొ' అంటే జగన్నాథుడని, 'బొనొ' అంటే వనమని ఇట్టే తెలిసిపోతుంది. నిఘంటువు తీయాల్సిన పని ఉండదు. లోపల మాత్రం ఒక లెక్క నడుస్తూ ఉంటుంది: మన అకారం అక్కడ ఒకారం, మన వ అక్కడ బ, మన శ అక్కడ స, మాట మొదట్లో మన య అక్కడ జ, సంస్కృతపు మాట చివర మనం పెట్టే సున్న అక్కడ ఉండదు. అందుకే 'యోగం' కాస్తా 'జోగొ' అవుతుంది. ఈ లెక్క ఒంటబట్టినవాళ్లు ఎన్నడూ వినని మాట విన్నా దాని తెలుగు రూపం చెప్పేస్తారు.

'ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్' నవల రాసిన టోల్కీన్ (1892–1973) తన కథల్లోని ఎల్ఫులు అనే జాతికి కల్పించిన భాషల్లో మాటల పుట్టుక వెతకడానికి కావలసింది సరిగ్గా ఈ లెక్కే. ఆయన ఆక్స్‌ఫర్డ్‌లో పాత ఇంగ్లిషు ఆచార్యుడు, మాటల చరిత్ర ఆయన వృత్తి. అందుకే వినసొంపైన మాటలను ఊరికే పోగేసి వదల్లేదు. ఒక మూలభాషను, దాని ధాతువులను ఊహించి, అక్కడి నుంచి రెండు పెద్ద శాఖలను దింపాడు: క్వెన్య, సిందరిన్. క్వెన్య నాదానికి ఫిన్నిష్, సిందరిన్ నాదానికి వెల్ష్ ఆదర్శాలు. కాబట్టి 'ఈ పేరుకు అర్థం ఇదీ' అని ఎక్కడో చదివి నమ్మితే పని సగమే అయినట్టు. ధాతువు దగ్గర బయల్దేరిన మాట ఏ నియమాల మీదుగా ఇక్కడికి చేరిందో చూపించగలగాలి.

ముందు సరంజామా

200 పేజీల లాంగు నోటుబుక్కు ఒకటి, రెండు రంగుల పెన్నులు చాలు. ప్రతి పేజీలో అయిదు గళ్లు గీయండి: మాట, విడగొట్టిన రూపం, ధాతువు, రెండో భాషలోని తోబుట్టువు, రచయిత ఆ సంగతి రాసిన ఏడు. చివరి పది పేజీలు ధ్వని నియమాలకు వదిలేయండి. అయిదో గడి అనవసరమనిపించి చాలామంది వదిలేస్తారు. రెండు నెలలు తిరక్కుండానే దాని విలువ తెలుస్తుంది.

ఆధారాలు మూడు. మొదటిది, 1977లో వచ్చిన 'ది సిల్మరిలియన్' చివర ఉన్న పదాంశాల పట్టిక. చిన్నదే, కానీ మొదటి నెలకు అది చాలు. రెండోది, టోల్కీన్ 1937–38 ప్రాంతంలో ధాతువుల వారీగా రాసుకున్న 'ది ఎటిమాలజీస్' అనే నిఘంటువు. ఆయన పోయాక 1987లో 'ది లాస్ట్ రోడ్' సంపుటంలో అచ్చయింది. మూడోది, పాల్ స్ట్రాక్ కూర్చిన 'ఎల్డమో' అనే ఉచిత వెబ్ నిఘంటువు. ఏ రూపం ఏ దశలో రాశాడో అందులో విడివిడిగా చూపిస్తారు.

ఎటిమాలజీస్ తెరవగానే ఒక తికమక ఎదురవుతుంది. అందులో సిందరిన్ అనే పేరే కనబడదు, 'నోల్దొరిన్' అని ఉంటుంది. తర్వాతి కాలంలో సిందరిన్‌గా మారింది ఆ భాషే. మారేటప్పుడు కొన్ని రూపాలు కూడా సవరించుకున్నాయి. ఉదాహరణకు అక్కడ ఆకును 'ల్హస్' అంటే, సిందరిన్‌లో 'లస్'. మొదట్లో ల్హ, ర్హ కనబడితే చాలావరకు హకారం తీసేసి ల, ర అని రాసుకోవచ్చు. గుడ్డిగా కాదు, ఎల్డమోలో ఒకసారి సరిచూసుకుని.

తెలుగు లిపిలో రాసుకోండి

ఇది సోకు కోసం చెప్పడం లేదు. ఇంగ్లిషు అక్షరాల్లో ఎల్ఫు మాట చూస్తే మన కన్ను మోసపోతుంది. మనం 'గీత' అనే పేరును ఇంగ్లిషులో టీహెచ్‌తో రాస్తాం కాబట్టి, ఎల్ఫు మాటలో టీహెచ్ కనబడగానే 'త' అని చదివేస్తాం. అక్కడ అది నాలుక కొసను పళ్ల మధ్య పెట్టి ఊదే ధ్వని. డీహెచ్ కూడా అంతే, అది మన ధ కాదు. నాలుకను అదే చోట పెట్టి, ఊదే బదులు గొంతు కలిపి పలకాలి. సీహెచ్ మన చ కాదు, గొంతులో గీరే ఖకారం లాంటిది. ఒట్టి సీ ఎక్కడున్నా క. కాబట్టి 'సెలెబోర్న్' తప్పు, 'కెలెబొర్న్' ఒప్పు.

ఎల్ఫు మాటల్లో మన ఒత్తక్షరాల ధ్వనులు లేవు. కాబట్టి ఆ అక్షరాలు మనకు ఖాళీగా దొరికాయి: టీహెచ్‌కు థ, డీహెచ్‌కు ధ, సీహెచ్‌కు ఖ అని నోటుబుక్కు మొదటి పేజీలో ఒప్పందం రాసుకోండి. ఈ వ్యాసంలోనూ అదే ఒప్పందం. ట, డ అసలు వాడకండి. త, ద చాలు. బడి పిల్లలు వర్ణమాలలో చదివి మర్చిపోయే ఙకారానికి కూడా ఇక్కడ పని దొరుకుతుంది, కాసేపట్లో చూద్దాం.

అచ్చుల విషయంలో మన లిపి ఇంకా మేలు. ఎల్ఫు మాటల్లో హ్రస్వదీర్ఘాల తేడాతో మాటే మారిపోతుంది. ఎ–ఏ, ఒ–ఓ రెండు జతలూ మనకు ఉన్నాయి. ఒడియా లిపి బాగా వచ్చినవాళ్లు అందులో రాసుకోవాలనుకుంటే అక్కడ ఈ తేడాలు నిలవవు. 'అల్ద' కాస్తా 'ఒల్దొ' అయి కూర్చుంటుంది. ఇంగ్లిషు పుస్తకంలో అక్షరం మీద ఏటవాలు గీత గాని టోపీ గీత గాని ఉంటే దీర్ఘం. రెండు చుక్కలుంటే ఆ అచ్చును మింగకుండా విడిగా పలకమని అర్థం. ఫోనులో వెతికేటప్పుడు ఆ అక్షరాన్ని నొక్కి పట్టుకుంటే గీతలున్న రూపాలు వస్తాయి. గీతలు లేకుండా వెతికితే వేరే మాట ఎదురై అరగంట వృథా అవుతుంది.

పర్లాకిమిడి పాఠకులకు ఇందులో కొత్త ఏమీ ఉండకపోవచ్చు. గిడుగు వెంకట రామమూర్తి అక్కడ పంతులుగా ఉంటూ సవర భాష నేర్చుకుని, 1931లో ఇంగ్లిషులో దాని వ్యాకరణం వెలువరించినప్పుడు, పుస్తకం పేరులోని 'సోరా' అనే మాటకు కూడా అచ్చు పొడవు తెలిపే రెండేసి చుక్కలు పెట్టారు. ధ్వనిని ఉన్నదున్నట్టు రాసుకోకపోతే తర్వాత చేసే విచారణంతా ఇసుక మీద కట్టిన గోడే.

ఇది ఎల్ఫు మాటేనా?

ఇక్కడే సగం తప్పులు జరుగుతాయి. 'ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్' (1954–55) లోని పేర్లన్నీ ఎల్ఫు పేర్లు కావు. గాన్‌డాల్ఫ్ పాత నార్స్ పేరు. ఆయన సిందరిన్ పేరు మిథ్రందిర్: మిథ్ అంటే బూడిదరంగు, రన్ అంటే తిరగడం, దిర్ అంటే మనిషి. థేఓదెన్, ఎఓవిన్ పాత ఇంగ్లిషు పేర్లు. అర్వెన్, ఎఓవిన్ పక్కపక్కన పెట్టి రెండింటి చివరా ఒకే మాట ఉందనుకునేవాళ్లు ఎందరో. అర్వెన్‌లో ఉన్నది సిందరిన్ 'కన్య', ఎఓవిన్‌లో ఉన్నది పాత ఇంగ్లిషు 'ఆనందం'. పైగా థేఓదెన్, ఎఓవిన్‌ల రాజ్యం పేరు రొహన్ మాత్రం సిందరినే! 'రొఖ్' అంటే గుర్రం. దేశం పేరు ఒక భాష, అందులో మనుషుల పేర్లు ఇంకో భాష. రెండు మూడు భాషలు కలిసి బతికే చోట ఇది వింతేమీ కాదు. మన వైపు ఊళ్ల పేర్లూ ఇంటి పేర్లూ ఒకే భాషవి అయ్యాయా ఎప్పుడైనా?

ఎల్ఫు మాటే అని తేలాక క్వెన్యా సిందరినా చూడండి. గుర్తు సులభం. చివర అచ్చు గాని న, ర, ల, స, త లలో ఒకటి గాని ఉంటే క్వెన్య కావచ్చు. చివర ధ, థ, ఖ, గ, ద, బ లాంటివి ఉంటే సిందరిన్. మొదట్లో బ, ద, గ ఉంటే దాదాపు ఖాయంగా సిందరిన్, ఎందుకంటే క్వెన్యలో మాట ఆ హల్లులతో మొదలవదు.

మారిన మొదటి హల్లును తిప్పి పెట్టండి

'అన్నదమ్ములు' అనే మాటకు అర్థం వెతకాలంటే నిఘంటువులో 'దమ్ముడు' కోసం చూడం కదా. అన్న పక్కన చేరిన తమ్ముడి తకారం దకారమైందని బడిలోనే గసడదవాదేశమని చెప్పేశారు. సిందరిన్‌లో ఇదే పద్ధతి మరింత ఉధృతంగా సాగుతుంది: ప–బ, త–ద, క–గ, బ–వ, మ–వ, ద–ధ, గకారమైతే ఏకంగా ఎగిరిపోతుంది.

'తలథ్ దిర్నెన్' అంటే కాపలా ఉన్న మైదానం. 'దిర్నెన్' కోసం దకారం కింద వెతికితే దొరకదు. తిప్పి పెడితే 'తిర్నెన్', దాని ధాతువు తిర్, కనిపెట్టి చూడడం. అదే ధాతువు 'మినస్ తిరిథ్' (కాపలా బురుజు) లోనూ, 'పలన్‌తీర్' (దూరాన్ని చూసేది) లోనూ ఉంది. మరి తిరిథ్‌లో తకారం ఎందుకు మారలేదు? దిర్నెన్ విశేషణం, నామం వెనక వచ్చిన విశేషణానికి మార్పు వస్తుంది. తిరిథ్ షష్ఠీ అర్థంలో ఉన్న నామం, దానికి రాదు. ఇదొక్కటి గుర్తుంటే పటంలోని స్థలాల పేర్లు చాలావరకు విడిపోతాయి. 'ఎరిన్ వొర్న్'లోని వొర్న్ అసలు 'మొర్న్', అంటే నలుపు. విశేషణం కాబట్టి మారింది.

బహువచనం కూడా ముందే విప్పాలి. 'మనిషి' బహువచనంలో 'మనుషులు' అయినప్పుడు నడిమి ఇకారం కూడా ఉకారమైనట్టు, సిందరిన్ బహువచనం మాట లోపలి అచ్చులను లాగుతుంది. పూర్వం చివర ఉండి తర్వాత పడిపోయిన ఒక ఇకారం చేసిన పని అది. అమొన్ (కొండ) – ఎమిన్, అదన్ (మనిషి) – ఎదైన్, ఒర్ఖ్ – ఇర్ఖ్. ఈ బహువచనాల్లో ఇంగ్లిషు వై అక్షరంతో రాసేది మన ఇకారం కాదు, పెదవులు గుండ్రంగా పెట్టి పలికే ఇకారం. నోటుబుక్కులో దాని కింద గీత గీయండి.

క్వెన్య ఈ విషయంలో సాధువు. విభక్తులు చివర అతుక్కుంటాయి: 'లో' అనడానికి స్సె, 'కు' అనడానికి న్న, 'నుంచి' అనడానికి ల్లొ. అవి తీసేస్తే మాట మిగులుతుంది.

విడగొట్టడం

పేర్లలో ఎక్కువ భాగం రెండు ముక్కల సమాసాలు. మొర్‌దొర్: నలుపు, నేల. గొందొర్: రాయి, నేల. ఎల్రొంద్: నక్షత్రం, గుమ్మటం. ఇసిల్దుర్: చంద్రుడు, అంకితుడు. ఎక్కడ విరవాలో తెలియకపోతే చివరి నుంచి మొదలుపెట్టండి. దొర్, వెన్, దిర్, రొంద్ లాంటి ఉత్తరపదాలు ఓ పాతిక దాకా మళ్లీ మళ్లీ వస్తాయి. వాటిని ఒక పేజీలో రాసుకుంటే పూర్వపదం దానంతట అదే బయటపడుతుంది.

విరిచాక ఏ ముక్కకూ అర్థం మిగలకుండా ఉండకూడదు. 'ఏదో ప్రత్యయం అయి ఉంటుంది' అని ఒక అక్షరాన్ని మింగేస్తే మీరు విరిచిన చోటే తప్పు.

ధాతువు నుంచి ముందుకు నడవండి, వెనక్కి కాదు

ఇది ఈ పనికి గుండెకాయ. చేతిలో ఉన్న మాట నుంచి వెనక్కి ఊహిస్తూ పోతే దారులు చీలిపోతాయి. సిందరిన్‌లో మొదటి ద ఒకప్పటి న్ద కావచ్చు, మారిన త కావచ్చు, అసలైన ద కావచ్చు. ధాతువు దగ్గర మొదలుపెట్టి ముందుకు నడిస్తే దారి ఒక్కటే. ముందు అనుమానించిన ధాతువు రాయండి, దాని మీద నియమాలు ఒక్కొక్కటే నడపండి, చేతిలో ఉన్న మాట వచ్చిందా లేదా చూడండి. రాకపోతే ధాతువు తప్పు. నియమాన్ని వంచకండి.

చివరి పది పేజీల్లో రాసుకోవలసిన నియమాల్లో ముఖ్యమైనవి:

మూలంలోని క్వ క్వెన్యలో అలాగే ఉంటుంది, సిందరిన్‌లో ప అవుతుంది. క్వెత్ (చెప్పడం) నుంచి క్వెన్యలో క్వెత్, సిందరిన్‌లో పెద్. హంసకు క్వెన్యలో 'అల్క్వ', సిందరిన్‌లో 'అల్ఫ్'. లకారం వెనక ప కాస్తా ఫ అయింది.

అచ్చు వెనక త, క ఉంటే సిందరిన్‌లో ద, గ. తండ్రి: క్వెన్య అతర్, సిందరిన్ అదర్.

అచ్చు వెనక ద ఉంటే సిందరిన్‌లో ధ. మొదటి గ క్వెన్యలో పోతుంది. చెట్టు: మూలం గలదా, క్వెన్య అల్ద, సిందరిన్ గలధ్.

మొదట్లో మ్బ, న్ద, ఙ్గ ఉంటే క్వెన్యలో ముక్కు ధ్వని మిగులుతుంది, సిందరిన్‌లో రెండో హల్లు మిగులుతుంది. ఇల్లు: మర్, బర్. నేల: నోరె, దోర్. నొల్దొర్ అనే ఎల్ఫు తెగవాడు: నొల్దొ, గొలొధ్. ఈ నొల్దొ పాత క్వెన్యలో ఙొల్దొ. ఙకారానికి పని దొరికింది ఇక్కడే.

మూలంలోని దీర్ఘమైన 'ఆ' సిందరిన్‌లో ఏకాక్షర పదమైతే ఔ, పొడుగు మాట చివరైతే ఒ. నిప్పు: నార్, నౌర్. సూర్యుడు: అనర్, అనొర్. క్వెన్యలో 'ఫిందెకానొ' అనే పేరు సిందరిన్‌లో 'ఫింగొన్' ఎలా అయిందో ఇప్పుడు మీరే చెప్పగలరు: కానొలోని క గ అయింది, ఆ ఒ అయింది, చివరి అచ్చు రాలిపోయింది.

థ సిందరిన్‌లో నిలుస్తుంది, క్వెన్యలో స అవుతుంది. చంద్రుడు: ఇసిల్, ఇథిల్. గద్ద: సొరొన్, థొరొన్. ఈ మార్పు మీద కథలో పెద్ద గొడవే నడుస్తుంది. ఫెయనోర్ అనే ఎల్ఫు తన తల్లి పేరులోని థకారాన్ని స చేయనివ్వనని పట్టుపడతాడు. శ, ష, స తేడా పోగొట్టుకున్న వాళ్లను ఆక్షేపించే పండితులు మనకూ ఉన్నారుగా.

మొదటి వ క్వెన్యలో వ, సిందరిన్‌లో గ్వ. కన్య: వెందె, గ్వెంద్. సమాసంలో చేరితే పైన చెప్పినట్టు గ ఎగిరిపోతుంది కాబట్టి అర్వెన్.

ఈ నియమాలు కంఠస్థం చేయడానికి ఒక దగ్గరి దారి ఉంది. టోల్కీన్ తయారుచేసిన 'తెంగ్వర్' లిపిలో 24 ప్రధానాక్షరాలు నాలుగు నిలువు వరుసలుగా, ఆరు అంతస్తులుగా ఉంటాయి. ఒక్కో వరుస నోట్లో ఒక్కో స్థానం, అచ్చంగా మన కవర్గ, తవర్గ, పవర్గల పద్ధతి. త, ద, థ, ధ ఒకే వరుస. సిందరిన్ మార్పులన్నీ దాదాపుగా వరుస దాటకుండా పైకీ కిందికీ జరుగుతాయి, అందుకే వర్ణమాల వచ్చినవాళ్లకు ఇవి వింతగా తోచవు. ఒక భాష కోసం కూర్చుని లిపి కల్పించడం మన సీమలోనూ జరిగిన పనే. సవర భాషకు మంగెయ్ గొమాంగొ 1936లో 'సొరంగ్ సొంపెంగ్' లిపి తయారుచేశారు.

ఒక మాట మొత్తం చేసి చూద్దాం

గలద్రియెల్. అడవి రాణి, చెట్ల మధ్య నివాసం, ఆమె ప్రజలు గలధ్రిమ్, అంటే చెట్ల జనం. కాబట్టి పేరులో చెట్టు ఉండాలని ఎవరికైనా అనిపిస్తుంది. ఆ కథలోనే కొందరికి అనిపించి 'గలధ్రియెల్' అని మార్చి పలికారు కూడా.

నియమాలు నడపండి. చెట్టు గలధ్, చివర ధ. పేరులో ఉన్నది గలద్, చివర ద. సిందరిన్‌లో అచ్చు వెనక ధ ఉంటే మూలంలో ద. అచ్చు వెనక ద ఉంటే మూలంలో త. ఒక్క ఒత్తు తేడాతో మూలాలు వేరైపోయాయి. ఇంగ్లిషు అక్షరాల్లో మాత్రమే చూసుకుంటూ, హెచ్‌ను లెక్కచేయని వాళ్లు ఇక్కడే బోల్తాపడతారు.

అనుమానం తీరాలంటే తోబుట్టువును పిలవాలి. ఆమె పేరు తెలెరిన్ అనే మరో ఎల్ఫు భాషలో అలతారియెల్, క్వెన్యలో అల్తరియెల్. చెట్టే అయితే క్వెన్యలో 'అల్ద' రావాలి, వచ్చింది 'అల్త'. తకారం సాక్ష్యం చెప్పింది. ఇది కాంతికి సంబంధించిన వేరే మాట. రెండో భాగం దండ ధరించిన కన్య. మొత్తం కలిపితే, మిలమిలలాడే దండను శిరసున దాల్చిన కన్య. చెట్టు లేదు.

మన మాటల్లోనే ఇలాంటి జత ఉంది. తెలుగులో 'చెప్పు' కాలిదీ, 'చెప్పు' నోటిదీ. తెలుగు మాత్రమే తెలిసినవాడు రెండింటికీ లంకె పెట్టి ఏదో కథ అల్లగలడు. తమిళాన్ని పిలిస్తే అది 'చెరుప్పు', 'చెప్పు' అని రెండుగా చూపిస్తుంది, కథ అక్కడితో ఆగిపోతుంది. నాలుగో గడిలో తోబుట్టువును రాయమన్నది ఇందుకే.

చెప్పు అన్నాక ఇంకొకటి. నవలలో మొరియ అనే కొండగుహల నగరం ద్వారం మీద 'పెదొ మెల్లొన్' అని ఉంటుంది. పెద్‌కు ఆజ్ఞార్థం పెదొ, మెల్లొన్ అంటే స్నేహితుడు. కథలోని ప్రయాణికులు దాన్ని 'చెప్పు, మిత్రమా' అని చదివి లోపలికి వెళ్లలేక తిప్పలు పడతారు. అసలు అర్థం 'మిత్రమా అని చెప్పు'. ఇంగ్లిషు పాఠకులకు దీన్ని రెండు క్రియలతో వివరించాల్సి వస్తుంది, మనకు ఒక్క 'చెప్పు'లోనే రెండూ ఉన్నాయి. ధాతువు తెలియడం ఒక మెట్టు, వాక్యంలో అది ఏ పని చేస్తోందో తెలియడం ఇంకో మెట్టు.

పోలికల మీద మోజు తగ్గించుకోండి

క్వెన్యలో 'అమ్మె' అంటే తల్లి. 'అన్న' అంటే బహుమతి. మొదటిది చూడగానే టోల్కీన్‌కు తెలుగు వచ్చనే మాట పుట్టించబుద్ధి అవుతుంది. రెండోది చూస్తే ఆ ఉత్సాహం చప్పబడాలి. అమ్మ లాంటి మాటలు పసిపిల్లల పెదవుల మీద అనేక భాషల్లో పుడతాయి. అన్నకు ఉన్న ధాతువు 'ఇవ్వడం'. అర్థం కలిసి ధ్వని కలిసినా, నియమం కలవకపోతే చుట్టరికం లేదు.

మొరియ అనే పేరును బైబిల్లోని మొరియా కొండతో ముడిపెట్టిన పాఠకులకు టోల్కీన్ స్వయంగా ఆ సంబంధం లేదని రాశాడు. మొర్ నలుపు, ఇయా అగాధం, అంతే. అయితే ఒక మెలిక ఉంది. రచయిత చెవికి ఒక ధ్వని ఎక్కడి నుంచి వచ్చిందన్నది ఒక ప్రశ్న, ఆ భాష లోపల ఆ మాట ఎలా పుట్టిందన్నది మరో ప్రశ్న. రెండింటినీ ఒకే గడిలో రాస్తే నోటుబుక్కు పాడవుతుంది. మొదటి ప్రశ్నకు జవాబు దొరికితే మార్జిన్‌లో రెండో రంగు పెన్నుతో రాసుకోండి.

ఏడు లేని అర్థం సగం అర్థం

బతికున్న భాషను ఒక్కడు మార్చలేడు. కల్పిత భాషకు కర్త ఒక్కడే, ఆయన 1915 ప్రాంతం నుంచి బతికినంత కాలం మారుస్తూనే ఉన్నాడు. 1917 నాటి పట్టికలో ఉన్న మాట 1937లో వేరే ధాతువు కిందికి, 1960 నాటికి ఇంకో వివరణ కిందికి పోవచ్చు. అందుకే 'ఇది తప్పు, అది ఒప్పు' అని వాదించుకునే ఇద్దరూ వేర్వేరు ఏళ్ల రాతలు పట్టుకుని ఉంటారు, ఎవరికి వారు సరే.

కర్తకు కూడా ఒక కట్టుబాటు ఉండేది, అచ్చయిన మాట. 1960ల చివర ఎల్రొస్ లాంటి పేర్లలోని 'రొస్' మనుషుల భాషలోదని చూపిస్తూ ఆయన పెద్ద వ్యాసమే రాసుకున్నాడు. తీరా చూస్తే అప్పటికే అచ్చయిన నవలలో 'కైర్ అంద్రొస్' అనే ద్వీపం పేరు ఉంది, అందులో రొస్ అంటే నురుగు, అది సిందరిన్. దాంతో ఆ వ్యాసంలో చాలా భాగం చెల్లదని తానే గుర్తు రాసిపెట్టుకున్నాడు.

కాబట్టి ప్రతి మాట పక్కన మూడు గుర్తుల్లో ఒకటి వేయండి. రచయిత బతికుండగా అచ్చయితే 'ము', ముద్రితం. ఆయన పోయాక బయటపడ్డ కాగితాల్లోదైతే 'చి', చిత్తు. ఇతరులు కల్పించిందైతే 'కొ', కొత్తది. ఈ మూడోది వెబ్‌లో విపరీతం. 2001–03 సినిమాల సంభాషణలకు కావలసిన ఎల్ఫు మాటలు చాలావరకు డేవిడ్ సాలో అనే భాషావేత్త, దొరికిన ధాతువుల మీద నియమాలు నడిపి తయారుచేసినవి. పనితనం బాగుంటుంది, కానీ వాటికి గుర్తు 'కొ'. పిల్లలకు పేరు పెట్టడానికో పచ్చబొట్టుకో మాట అడిగేవాళ్లకు ఈ గుర్తు చెప్పకుండా ఇవ్వకండి. పచ్చబొట్టును తర్వాత దిద్దలేం.

మాట ముందు పువ్వు గుర్తు ఉంటే అది ఊహించి నిలబెట్టిన మూలరూపమని అర్థం, ఎవరూ మాట్లాడింది కాదు. దాన్ని పేరుగా వాడకూడదు.

చేతికి పని

రోజుకు అయిదు మాటలు మించి పెట్టుకోవద్దు. ఒక్కోదానికి ఇరవై నిమిషాలు పడుతుంది, మొదటి వారం ఇంకా ఎక్కువే. ఈ మూడింటితో మొదలుపెట్టండి. 'మినస్ ఇథిల్', 'మినస్ అనొర్' రెండూ ఒకే పద్ధతిలో విడతాయి. వాటి క్వెన్య తోబుట్టువులు పైన నియమాల్లోనే ఉన్నాయి. 'మొర్మెగిల్' కొంచెం మొండిది. రెండో ముక్కకు క్వెన్య తోబుట్టువు 'మకిల్', అంటే కత్తి. క ఎందుకు గ అయిందో నియమాల పేజీలో ఉంది. మొదటి అ ఎందుకు ఎ అయిందో తెలియాలంటే బహువచనాల దగ్గర చెప్పిన ఇకారం చేసే పని ఒకసారి మళ్లీ చదవండి. ఇక్కడ ఆ ఇకారం రాలిపోలేదు, మాటలోనే కూర్చుని ఉంది.